దత్తత బిడ్డ ఇంటికొచ్చాక పిల్లలిద్దరికీ పొత్తు కుదరాలంటే ఏం చేయాలి?

"మా పెద్దాడు చెల్లిని దగ్గరికి రానివ్వట్లేదండి." "దత్తతకి పేరు నమోదు చేసుకున్నాం, ఇంట్లో ఉన్న పిల్లకి ఎలా చెప్పాలో తెలియట్లేదు." అమలాపురం వాళ్ళు అడిగినా, పాలకొల్లు వాళ్ళు అడిగినా ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇంట్లో ఒక బిడ్డ ఉండగా ఇంకో బిడ్డను దత్తత తెచ్చుకున్నవాళ్ళ కోసం, తెచ్చుకోబోతున్నవాళ్ళ కోసం ఇది. దత్తత తర్వాత కడుపున బిడ్డ పుట్టినవాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తుంది. తేడా ఉన్నచోట చెబుతాను.

పిల్లల మధ్య ప్రేమ పుట్టించడం మీ చేతిలో లేదు. ఒకరిని ఇచ్చేవాళ్ళుగా, ఇంకొకరిని పుచ్చుకునేవాళ్ళుగా నిలబెట్టకుండా ఉండటం మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. నేను చూసిన ఇళ్ళలో వ్యవహారం ముదిరిన చోటల్లా పెద్దవాళ్ళు తమకు తెలియకుండానే ఆ పని చేశారు. "పాపం దానికి ఎవరూ లేరు నాన్నా, నీ బొమ్మ ఇచ్చెయ్" అంటారు. ఆ ఒక్క మాటతో పెద్దవాడు దాత అయ్యాడు, చిన్నది చుట్టం అయింది. దాతకి ఎప్పుడో విసుగొస్తుంది. చుట్టం ఎప్పుడో వెళ్ళిపోవాలి. "అమ్మా, ఇది ఎప్పుడెళ్ళిపోద్ది?" అని ఏడేళ్ళ పిల్లాడు అడిగితే తప్పు వాడిది కాదు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- పెద్ద బిడ్డతో ఒంటరిగా గడపడానికి రోజూ ఇరవై నిమిషాలు. అన్నిటికన్నా దొరకనిది ఇదే.
- ఎవరిది వాళ్ళకి ఒక అర, లేదా తాళం పడే చిన్న ట్రంకు పెట్టె.
- ఇద్దరికీ చెరో ఫొటో ఆల్బమ్.
- మామ్మ, తాతయ్య, పక్కింటివాళ్ళు అడిగే ప్రశ్నలకి మీరిద్దరూ ముందే అనుకుని పెట్టుకున్న జవాబులు. భర్త ఒకటి, భార్య ఒకటి చెబితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.
- పిల్లల డాక్టరు ఫోన్ నంబరు, మీ ఫైలు చూస్తున్న సోషల్ వర్కరు నంబరు.

1. పేరు నమోదు చేసుకున్నప్పుడే పెద్ద బిడ్డకి చెప్పండి

దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ కారా. దాని వెబ్‌సైట్‌లో నమోదయ్యాక సోషల్ వర్కరు ఇల్లు చూడటానికి వస్తారు. ఇంట్లో ఐదేళ్ళు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ అంగీకారం కూడా కావాలి. ఇది చాలామందికి చివరి నిమిషంలో గుర్తొస్తుంది. అప్పుడు హడావుడిగా "అంకుల్ అడిగితే సరే అను" అని నేర్పిస్తారు. అలా తీసుకున్న సరేకి విలువ లేదు. ముందు నుంచీ చెబుతూ ఉంటే పిల్లలు అడగాల్సినవి అడుగుతారు: నా గది పోతుందా, నా సైకిల్ ఇవ్వాలా, నన్ను కూడా ఎవరికైనా ఇచ్చేస్తారా. మూడో ప్రశ్న నోటితో రాకపోయినా లోపల ఉంటుంది. మీరే ఎత్తి జవాబు చెప్పండి.

ఇలా చెప్పొచ్చు: "మన ఇంట్లో ఇంకో బిడ్డని పెంచుకోవాలని అమ్మకీ నాన్నకీ ఉంది. నీకు తమ్ముడో చెల్లో అవుతారు. మొదట్లో నీకు నచ్చకపోవచ్చు, ఫరవాలేదు. నీ చోటు నీదే."

మూడు మాటలు మాత్రం అనకండి. "నీకు ఆడుకోవడానికి తోడు తెస్తున్నాం" అంటే, వచ్చిన బిడ్డ పాలు తాగి పడుకునే పసికందైతే పెద్దవాడు మోసపోయాననుకుంటాడు. "సంక్రాంతికి వచ్చేస్తుంది" అని తేదీ చెప్పకండి, నిరీక్షణ ఏళ్ళు పట్టొచ్చు. ఇక మూడోది: బిడ్డ వివరాలు వెబ్‌సైట్‌లో కనిపించాక ఒప్పుకోవడానికి మీకు 48 గంటలే ఉంటాయి. ఆ టెన్షన్‌లో ఫోన్ పెద్దవాడి చేతికిచ్చి "ఈ పాప కావాలా నీకు?" అని అడుగుతారు కొందరు. ఆ నిర్ణయం మీరు చేయాల్సింది. ఎంచుకున్నవాడు రేపు గొడవ పడినప్పుడు "నాకొద్దు, తిరిగిచ్చెయ్యండి" అంటాడు, అలా అనే హక్కు తనకుందని నిజంగా నమ్ముతాడు కూడా.

2. ఇల్లు సర్దండి

పెద్ద బిడ్డని కూర్చోబెట్టి వస్తువులు మూడు కుప్పలు చేయించండి: నావి, ఇద్దరివీ, నేను వాడనివి. మొదటి కుప్ప వాళ్ళ అరలోకి పోతుంది. అడగకుండా అందులోది ఎవరూ తీయకూడదు, మీతో సహా. చిన్నప్పటి ఉయ్యాల, దుప్పటి లాంటివి వాడాలనుకుంటే ముందు అడగండి. వద్దంటే ఇంకోటి కొనండి.

కొత్త బిడ్డకి కంచం, గ్లాసు, తువ్వాలు, దిండు కొత్తవి తీసుకోండి. బట్టల్లో పాతవి కలిసినా పరవాలేదు కానీ, మొత్తం పాతవే అయితే మళ్ళీ ఇచ్చేవాడు, పుచ్చుకునేది అన్న లెక్కకే వస్తుంది. ఒకే గది ఇల్లయితే అరలు కుదరవు. చెరో ట్రంకు పెట్టె చాలు, తాళం చెవులు వాళ్ళ దగ్గరే ఉంచండి.

3. తీసుకొచ్చే రోజు

దత్తతకి ఇచ్చే పిల్లలు ఉండే శిశుగృహకి పెద్ద బిడ్డని తీసుకెళ్ళడం మంచిదే, అక్కడివాళ్ళు సరేనంటే. తీసుకెళ్ళకపోతే ఆ రోజు బడి మాన్పించకండి. మామూలుగా బడికెళ్ళి, ఇంటికొచ్చేసరికి మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి. అక్కడ బిడ్డ కప్పుకున్న దుప్పటో, తొడుక్కున్న గౌనో ఇవ్వమని అడిగి తెచ్చుకోండి. కొన్ని రోజులు ఉతక్కండి. అలవాటైన వాసన పక్కనుంటే బిడ్డ త్వరగా నిద్రపోతుంది.

గుమ్మంలో హారతి ఇవ్వాలనుకుంటే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఇవ్వండి. వీధి వీధంతా రావద్దు. "చెల్లిని ఎత్తుకో, ఫొటో తీస్తా" అని బలవంతం వద్దు. తీసిన ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి. దత్తత ఉత్తర్వు ఇంకా రాలేదు, ఆ బిడ్డ అప్పటికి సంరక్షణ కోసమే మీ దగ్గర ఉన్నట్టు లెక్క. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. (2022 సెప్టెంబరు నుంచి ఈ ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు.)

4. మొదటి నెలలు: ఒళ్ళు, తిండి, నిద్ర

వారం తిరక్కుండా డాక్టరుకి చూపించండి. పదిమంది పిల్లలు కలిసి పడుకునే చోట గజ్జి సులువుగా అంటుకుంటుంది. ఉందని తేలితే చిన్నదాన్ని విడిగా పెట్టి "దాన్ని ముట్టుకోకు" అనడం ఘోరమైన పొరపాటు. గజ్జికి వైద్యమే ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవడం. డాక్టరు చెప్పినట్టు అందరూ రాసుకోండి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. "మనందరం ఈ రాత్రి మందు రాసుకుంటున్నాం" అంటే పిల్లలకి అదొక ఆటలా ఉంటుంది.

కొందరు పిల్లలు తిండి దాస్తారు. దిండు కింద బిస్కెట్లు, జేబులో అన్నం ముద్ద. పెద్దవాడు చూసి "అమ్మా, దొంగతనం చేస్తోంది" అని పరుగెత్తుకొస్తాడు. దొంగ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. చేతికందే ఎత్తులో ఒక బుట్టలో అరటిపళ్ళు, జంతికలు పెట్టి, ఇద్దరూ ఎప్పుడైనా తీసుకోవచ్చని చెప్పండి. మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం కుదిరితే దాచడం తగ్గుతుంది. పెద్దవాడికి "దానికింకా మన ఇల్లు అలవాటవ్వాలి" అన్నంత వివరణ చాలు. శిశుగృహ గురించి జాలికథలు చెప్పకండి. జాలి పడేవాడు అన్నయ్య కాలేడు.

బిడ్డ ఒడిశా నుంచో ఇంకో రాష్ట్రం నుంచో వస్తే భాష వేరవుతుంది. నీళ్ళు, అన్నం, నొప్పి, భయం, అమ్మ, ఇలా ఓ పది మాటలు ఆ భాషలో మీరూ పెద్ద బిడ్డా కలిసి నేర్చుకోండి. మాటలు రాని మొదటి వారాల్లో కరవడం, గిల్లడం ఎక్కువగా ఉంటుంది. అందులో సగం చెప్పలేకపోవడం వల్లే.

ఇదే సమయంలో పెద్ద బిడ్డ మళ్ళీ పసితనంలోకి వెళ్తుంది. పక్క తడపడం, ముద్దుమాటలు, అన్నం కలిపి పెట్టమని మారాం. పెట్టండి. "నువ్వు పెద్దవాడివి కదా" అన్న మాటని ఓ ఆరు నెలలు అటకెక్కించండి.

జాగ్రత్త: మన ఊళ్ళలో ఇంటి వెనకే కాలువ, పక్కనే చేపల చెరువు. "చెల్లిని చూస్తుండు, ఇప్పుడే వస్తా" అని రేవు దగ్గర పెద్ద బిడ్డకి అప్పగించి వెళ్ళకండి. కొత్త బిడ్డకి నీళ్ళంటే భయం ఉందో లేదో మీకింకా తెలియదు. ఏదైనా జరిగితే ఆ బరువు పెద్ద బిడ్డ జీవితమంతా మోయాలి. అలాగే స్నానం, బట్టలు మార్చుకోవడం, ఎవరి పక్క వాళ్ళకి అన్న నియమాలు మొదటి రోజు నుంచే ఇద్దరికీ ఒకేలా పెట్టండి. ఎదిగిన బిడ్డను దత్తత తెచ్చుకున్నవాళ్ళు దీన్ని వాయిదా వేయొద్దు.

5. ఇద్దరు ఉంటేనే అయ్యే పని ఒకటి పెట్టండి

"ఇద్దరూ కలిసి ఆడుకోండి" అంటే ఆడుకోరు. ఆటలో గెలుపోటములు ఉంటాయి, నియమాలు పెద్దవాడికే తెలుసు, ఐదు నిమిషాల్లో ఏడుపు. పని అలా కాదు. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెట్టడం, కొబ్బరాకు నుంచి ఈనెలు తీయడం (ఒకరు ఆకు పట్టుకుంటే ఒకరు చీలుస్తారు, కత్తి మీ దగ్గరే ఉండాలి), ఆవకాయ రోజుల్లో మామిడి ముక్కలు గుడ్డతో తుడవడం, పనసకాయ కోస్తే తొనల్లోంచి గింజలు తీయడం, కోళ్ళకి నూకలు చల్లడం. రోజూ ఒకటే పని, ఒకటే వేళ, పదిహేను నిమిషాలు చాలు.

మీరు దూరంగా ఉండండి. ఫొటో తీయకండి, "ఆహా, ఎంత బాగా కలిసిపోయారో" అనకండి. అలా అన్న మరుక్షణం అది మీ కోసం చేసే పని అయిపోతుంది. పెద్దవాడికి మేస్త్రీ ఉద్యోగం ఇవ్వకండి. "చెల్లికి నేర్పించు" అన్నది అప్పుడప్పుడూ బాగుంటుంది, రోజూ అయితే మళ్ళీ ఇచ్చేవాడు, పుచ్చుకునేది. చిన్నది బాగా చేసే పని ఒకటి కనిపెట్టి, పెద్దవాడు దాని దగ్గర నేర్చుకునే సందర్భం కూడా రానివ్వండి.

పసిబిడ్డ అయితే ఇవేవీ కుదరవు. నూనె పెట్టి ఒళ్ళు పామేటప్పుడు పెద్ద బిడ్డ పక్కన కూర్చుని పాట పాడితే చాలు, అదీ ఇష్టమైతేనే.

6. తగువులాడినప్పుడు

తగువు లేని పిల్లలుండరు. దత్తత ఇంట్లో ప్రతి తగువుకీ మనం ఎక్కువ అర్థం వెతుకుతాం. కొట్టుకోవడం ఆపండి, విడదీయండి, తీర్పు చెప్పకండి. "రిమోట్ ఒకటే ఉంది, ఏం చేస్తారో మీరే చెప్పండి, అప్పటిదాకా నా దగ్గరే ఉంటుంది" అని కూర్చోండి.

"మాట వినకపోతే పంపించేస్తాం" అనకండి. సరదాకి కూడా, పెద్దవాడితో కూడా. మనూళ్ళలో "నిన్ను గోదారి గట్టు మీద దొరికితే తెచ్చాం" అని పిల్లల్ని ఏడిపించడం మామూలే. ఈ ఇంట్లో ఆ సరదా కట్టిపెట్టాలి.

ఏదో ఒక రోజు పెద్దవాడి నోట వస్తుంది: "నువ్వు మా అమ్మకి పుట్టలేదు." మీ గుండె ఆగినంత పనవుతుంది, చెయ్యి లేస్తుంది. ఆపుకోండి. ముందు చిన్నదాని దగ్గరికి వెళ్ళి, పెద్దవాడు వినేలా చెప్పండి: "నిజమే, నువ్వు నా కడుపున పుట్టలేదు. నేను నీకు అమ్మని, వాడికీ అమ్మని. అది ఎవరి మాటతోనూ మారదు." తర్వాత పెద్దవాడిని పక్కకి తీసుకెళ్ళి, కోపం దేనికొచ్చిందో అడగండి. చాలాసార్లు కారణం పెన్సిలు బాక్సు అయి ఉంటుంది. కోపం రావచ్చనీ, ఆ మాటని ఆయుధంగా వాడకూడదనీ విడివిడిగా చెప్పండి.

దత్తత తర్వాత కడుపున బిడ్డ పుడితే ఈ మాట తిరగబడుతుంది. పెద్ద బిడ్డే "నేను మీకు పుట్టలేదు, అందుకే" అంటుంది. జవాబు అదే. కాకపోతే గర్భం తెలిసిన నెలలోనే చెప్పడం మొదలుపెట్టండి.

7. దత్తత సంగతి ఇంట్లో రహస్యం కాకూడదు

చిన్నదానికి తెలియకుండా పెద్దవాడికి తెలిసి ఉండటం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. గుట్టు మోయడం పిల్లలకి చేతకాదు, ఒకసారి మోశాక దాన్ని అధికారంగా వాడతారు. మాటలు వచ్చే వయసు నుంచే ఇద్దరికీ ఒకే కథ చెప్పండి: వాడు ఆస్పత్రి నుంచి వచ్చాడు, నువ్వు శిశుగృహ నుంచి వచ్చావు, ఇద్దరి కోసమూ ఎదురుచూశాం. ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టి చూపించండి. చిన్నదానికి పసినాటి ఫొటోలు లేకపోతే దాని మొదటి పేజీలో శిశుగృహ గేటు ఫొటో, ఆ రోజు తొడుక్కున్న గౌను ఫొటో పెట్టండి.

ఇంకో గీత కూడా గీయండి. చిన్నదాని వెనకటి సంగతులు దాని సొంతం. బడిలో ఎవరికి చెప్పాలన్నది దాని ఇష్టం. పెద్దవాడికి ఎవరైనా గుచ్చి అడిగితే "మా చెల్లి. అంతే" అనడం నేర్పండి.

8. చుట్టాలు

సగం పని ఇక్కడే ఉంది. పిల్లల మధ్య లేని గోడలు పెద్దవాళ్ళ మాటలతో లేస్తాయి. రంగు పోల్చడం, "సొంతదా, పెంచుకున్నదా?" అని పిల్లల ముందే అడగడం, ఒకడి చేతిలో ఐదొందలు, ఇంకొకరి చేతిలో వంద పెట్టడం. ఆఖరిది జరిగితే అప్పటికప్పుడే, నవ్వుతూనే, "అత్తయ్యగారూ, ఇద్దరికీ కలిపి ఇచ్చారనుకుంటానండి" అని డబ్బు తీసుకుని సమంగా పంచేయండి. రెండోసారి ఎవరూ అలా ఇవ్వరు.

ఆస్తి మాట తప్పక వస్తుంది. కొబ్బరి తోట ఉన్న ఇంట్లో మరీను. "వాటా పోతుందిరా నీకు" అని పదేళ్ళ పిల్లాడితో పరాచికాలాడే బాబాయిలున్నారు. పెద్దవాడు అడిగితే దాచకండి: దత్తత బిడ్డకీ కన్నబిడ్డకీ చట్టంలో తేడా లేదు, ఇద్దరు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా లెక్క ఇంతే.

ఇంకో సరదా ఉంది, దాన్ని మొదటిసారే గట్టిగా ఖండించండి. కొడుకున్న ఇంటికి ఆడపిల్ల దత్తత వస్తే "బయటి పిల్లేగా, రేపు కోడల్ని చేసుకోవచ్చు" అంటారు. మేనరికాలు అలవాటైన నోళ్ళు మరి. వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. పెళ్ళికి కుదరని వరసల్లో దత్తత వల్ల వచ్చిన చుట్టరికాన్ని కూడా హిందూ వివాహ చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. ఈ పరాచికం చెవిన పడితే పదేళ్ళు దాటిన పిల్లలు ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం మానేస్తారు.

9. పండగలు

భోగి నాడు ఇద్దరికీ భోగిపళ్ళు పోయండి. "వయసు దాటిపోయిందిగా" అంటారు, అననివ్వండి. ఆ ముచ్చట తనకి జరగలేదని ఫొటోలు చూసినప్పుడల్లా చిన్నదానికి తెలుస్తుంది.

కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి (వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల్ని ఊళ్ళ నుంచి మోసుకొచ్చే జాతరకి) మొదటి ఏడాదే తీసుకెళ్ళాలని ఉంటుంది. ఆ జనం, బాణసంచా కొత్త బిడ్డకి బెదురు. దానికోసం వెనక్కి రావాల్సొస్తే పెద్దవాడి తీర్థం పాడవుతుంది, ఆ కోపం దాని మీదికే పోతుంది. మీ ఇద్దరిలో ఒకరు పెద్దవాడిని తీర్థానికి తీసుకెళ్ళండి. ఇంకొకరు చిన్నదాన్ని ముందురోజు ఊళ్ళో ప్రభ కట్టేచోటికి తీసుకెళ్ళి చూపించండి. రెండో ఏడాది అందరూ కలిసి వెళ్ళొచ్చు.

దీపావళి వెళ్ళాక విదియ నాడు భగినీ హస్త భోజనం మన వైపు ఉన్నదే. చెల్లి పెసరట్టు వేసినా చాలు, వేడిగా ఉంటే ఏ అన్నయ్యా కాదనడు. వద్దంటే మాత్రం లాగకండి.

బిడ్డ ఇంటికొచ్చిన రోజుని ఏటా పెద్ద పండగ చేసేవాళ్ళున్నారు. నాకు అంత ఇష్టం లేదు, పెద్దవాడికి అలాంటి రోజు ఉండదు కదా. చేయాలనిపిస్తే ఆ రోజు నలుగురూ కలిసి ఎటైనా వెళ్ళండి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళి ఐస్‌క్రీమ్ తిని వచ్చినా సరిపోతుంది.

కుదురుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

కౌగిలింతలు లెక్కపెట్టకండి. ఆరు నెలలు గడిచాక వీటిని చూడండి:

- చివరి పూతరేకు కోసం కొట్టుకుంటున్నారా? చిన్నది మీ మొహం చూడకుండా లాక్కుంటోందా? మంచిదే. చుట్టాలు లాక్కోరు.
- ఇద్దరూ కలిసి మీ దగ్గర ఏదైనా దాస్తున్నారా? పగిలిన గ్లాసు ఎవరు పగలగొట్టారో ఇద్దరూ చెప్పట్లేదంటే పని సగం అయినట్టే.
- బయట ఎవరైనా ఏడిపిస్తే రెండోవాళ్ళు అడ్డం వెళ్తున్నారా?
- తగువు అయ్యాక మీరు కలపకుండానే మళ్ళీ ఒకచోట చేరుతున్నారా?

కొన్ని గుర్తులు ఆందోళన పడాల్సినవి. నెలలు గడిచినా చిన్నది ప్రతి ముద్దకీ అనుమతి అడగడం, ఎప్పుడూ ఏమీ కోరకపోవడం. దీన్ని "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకుంటారు, నిజానికి అది భయం. పెద్దవాడు మాట తగ్గించడం, ఇంట్లో కంటే మామ్మ ఇంట్లోనే ఉంటాననడం. దెబ్బలు దాచడం, పిల్లినో కుక్కనో హింసించడం, ఒకరితో ఒంటరిగా ఉండటానికి రెండోవాళ్ళు బెదరడం. ఈ చివరి మూడింటిలో ఏదున్నా వారాలు ఆగకండి. పిల్లల మనస్తత్వ నిపుణుడికి చూపించండి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చెప్పండి. రాత్రివేళ అయితే 1098కి ఫోన్ చేయవచ్చు.

బిడ్డ ఇంటికొచ్చాక రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కరు చూడటానికి వస్తారు. దాన్ని పరీక్షలా తీసుకుని ఇల్లు కడిగి, పిల్లలకి జవాబులు నేర్పి, పెద్దవాడిని ట్యూషన్‌కి పంపేస్తారు చాలామంది. పంపకండి. వాడితో కూడా విడిగా పది నిమిషాలు మాట్లాడమని మీరే అడగండి. మీతో చెప్పనిది వాళ్ళతో చెప్పొచ్చు. వాళ్ళు వెళ్ళాక "ఏం చెప్పావు?" అని మాత్రం ఆరా తీయకండి.